సీ నిండింది, డీ ఖాళీగా ఉంది

కొత్త ప్రోగ్రామ్ ఎక్కించేటప్పుడు మనలో చాలామంది చేసే పని ఒకటే. నెక్స్ట్, ఐ అగ్రీ, నెక్స్ట్, నెక్స్ట్, ఫినిష్. మధ్యలో ఒక తెర మీద చిన్న గడిలో ఒక చిరునామా కనిపిస్తుంది. ఈ ప్రోగ్రామ్ మన కంప్యూటర్‌లో ఎక్కడ కాపురం పెట్టబోతోందో ఆ గడి చెబుతుంది. మనం దాన్ని చదవకుండానే దాటేస్తాం. ఇలా రెండేళ్లు గడిచాక ఒకరోజు సీ డ్రైవ్ గీత ఎర్రబడుతుంది. చోటు లేదంటుంది. పక్కనే డీ డ్రైవ్ మాత్రం దీపావళి మర్నాటి సూరత్ బట్టల బజారులా ఖాళీగా ఉంటుంది.

అప్పుడు ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కో సలహా చెబుతారు. "సీలో ఉన్న ప్రోగ్రామ్‌లు కట్ చేసి డీలో పేస్ట్ చెయ్" అని అన్నయ్య. "అన్నీ డీలోనే పెట్టు, సీ పోయినా డీ ఉంటుంది" అని పక్కింటి అంకుల్. "ఫార్మాట్ కొట్టించేద్దాం" అని నాన్న. మొదటి సలహా పనిచేయదు. రెండోది సగమే నిజం. మూడోదానికి ముందు చేయాల్సిన పని ఒకటుంది, అది చేయకపోతే మన పన్నెండో తరగతి ప్రాజెక్టు నుంచి చెల్లి పుట్టినరోజు ఫోటోల దాకా అన్నీ పోతాయి.

ఈ వ్యాసం రాస్తున్న మేము కంప్యూటర్ సైన్స్ తీసుకున్న పన్నెండో తరగతి విద్యార్థులం. మాలో ఒకరు విశాఖపట్నం నుంచి, ఒకరు రాజమండ్రి నుంచి, ఇంకొకరు నాగపూర్ మీదుగా సూరత్ వచ్చాం. మీలాగే మాకూ మూడు నాలుగేళ్లకోసారి ఇల్లు మారడం అలవాటు. సామానులో ఏది ఏ పెట్టెలో పెట్టాలో అమ్మకు బాగా తెలుసు. కంప్యూటర్ లోపలి సామాను సంగతే ఎవరికీ తెలియడం లేదు. ఈ మధ్య ఈ గొడవ ఇంకా పెరిగింది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. దాంతో చాలా ఇళ్లలో పాత కంప్యూటర్‌కు కొత్త ఎస్‌ఎస్‌డీ కొని పెట్టించి, విండోస్ మళ్లీ ఎక్కిస్తున్నారు. ఇప్పుడు ఇంట్లో ఒక డిస్క్ కాదు, రెండు. ఏది ఎక్కడ పెట్టాలన్నది అక్కడే మొదలవుతుంది.

ఒక చిన్న మాట. తెర మీద ఇంగ్లిష్‌లో కనిపించే పేర్లను తెలుగులోకి మార్చకుండా, తెలుగు లిపిలో అలాగే రాశాం. తెర ముందు కూర్చున్నప్పుడు వెతుక్కోవడం తేలికని.

అక్షరం వేరు, డిస్క్ వేరు

ముందుగా అసలు సీ ఎందుకు, ఏ, బీ ఏమయ్యాయి అని అడగాలి. 1981లో ఐబీఎమ్ పర్సనల్ కంప్యూటర్ వచ్చినప్పుడు దానిలో హార్డ్ డిస్క్ లేదు. ఫ్లాపీలు పెట్టే అరలుండేవి. మొదటి అరకు ఏ, రెండోదానికి బీ అని పేరు. 1983లో వచ్చిన ఎక్స్‌టీ అనే మోడల్‌లో హార్డ్ డిస్క్ కూడా అమర్చి ఇచ్చారు. దాని సామర్థ్యం 10 మెగాబైట్లు. ఈ రోజు మన ఫోనులో తీసే రెండు మూడు ఫోటోలకే ఆ చోటు సరిపోతుంది. ఏ, బీ అప్పటికే ఫ్లాపీలవి కాబట్టి హార్డ్ డిస్క్‌కు సీ దక్కింది. ఫ్లాపీలు పోయాయి గానీ ఆ రెండు అక్షరాల ఖాళీ మిగిలిపోయింది. ఇల్లు ఖాళీ చేసి వెళ్లినవాళ్ల పేరు గేటు మీద అలాగే ఉండిపోయినట్టు.

ఇక్కడ మనం గట్టిగా పట్టుకోవాల్సిన విషయం ఒకటుంది. సీ, డీ, ఈ అన్నవి డిస్క్‌ల పేర్లు కావు. డిస్క్‌లో గీసిన గదుల పేర్లు. ఒకే డిస్క్‌ను రెండు మూడు గదులుగా విడగొట్టవచ్చు. దాన్ని పార్టిషన్ అంటారు. మన దేశంలో కంప్యూటర్ కూర్చి ఇచ్చే దుకాణాల్లో ఒక్క డిస్కే ఉన్నా సీ, డీ, ఈ అని మూడు ముక్కలు చేసి ఇవ్వడం పాత అలవాటు. చూసేవాళ్లకు మూడు డిస్క్‌లు ఉన్నట్టనిపిస్తుంది. నిజానికి ఒకే ఇంట్లో మూడు గదులు. వంటింట్లో నీళ్లు పొంగితే పడకగదిలోకి రాకపోవచ్చు. ఇల్లే కూలితే మాత్రం ఏ గదీ మిగలదు.

పక్కింటి అంకుల్ మాట సగమే నిజమని అన్నది అందుకే. విండోస్ పాడై సీని మాత్రం ఫార్మాట్ చేస్తే డీలోవి ఉంటాయి. అది నిజం సగం. డిస్క్ అన్న వస్తువే చెడిపోతే సీ, డీ కలిసే పోతాయి.

మీ ఇంట్లో ఉన్నది ఇల్లా, గదా అని తెలుసుకోవడానికి అర నిమిషం చాలు. స్టార్ట్ బటన్ మీద మౌస్ కుడి నొక్కు నొక్కితే వచ్చే జాబితాలో డిస్క్ మేనేజ్‌మెంట్ అని ఉంటుంది. తెరిస్తే కింద ఎడమ పక్కన డిస్క్ 0, డిస్క్ 1 అని వరసగా కనిపిస్తాయి. అవి నిజమైన డిస్క్‌లు. ఒక్కోదానికి ఎదురుగా ఉన్న పెట్టెలు దాని గదులు. సీ, డీ రెండూ డిస్క్ 0 ఎదురుగానే ఉంటే మీకున్నది ఒకే డిస్క్. అక్కడ చూడటం వరకే, ఏ పెట్టె మీదా ఏదీ నొక్కకండి. పార్టిషన్‌ను చెరిపేసే ఆజ్ఞ కూడా ఆ తెరలోనే ఉంది.

అదే తెరలో ఇంకో అనుమానం పుడుతుంది. 1 టెరాబైట్ డిస్క్ కొంటే విండోస్ 931 జీబీ అని చూపిస్తుంది. దుకాణదారు మోసం చేయలేదు. తయారీదారు లెక్కలో ఒక జీబీ అంటే 100 కోట్ల బైట్లు. విండోస్ లెక్కలో 1,024ను మూడుసార్లు గుణిస్తే వచ్చేది, అంటే 107 కోట్ల పైచిలుకు. ఉన్న బైట్లు అవే, కొలిచే కుంచం పెద్దది. అలాగే 512 జీబీ ఎస్‌ఎస్‌డీ 476 అని కనిపిస్తుంది. ఆరో తరగతి తమ్ముళ్లు కాలిక్యులేటర్‌తో ఒకసారి భాగించి చూడండి.

మగ్గం, తాను

కట్ చేసి పేస్ట్ చేస్తే ప్రోగ్రామ్ ఎందుకు నడవదో చెప్పడానికి సూరత్ కంటే మంచి ఊరు లేదు. లింబాయత్, ఉధ్నా వైపు ఎప్పుడైనా వెళ్లారా? అక్కడ వీధిలో తెలుగు వినిపిస్తుంది. తెలంగాణ నుంచి వచ్చిన పద్మశాలి కుటుంబాలు దశాబ్దాలుగా అక్కడి మరమగ్గాల మీద పనిచేస్తున్నాయి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతోందంటే ఆ కుటుంబాలు ఎంతమంది ఉన్నారో ఊహించుకోవచ్చు. మనలాంటి బదిలీ పిల్లలకు ఈ ఊళ్లో తెలుగు ఇంత దగ్గరగా ఉందని చాలా రోజుల దాకా తెలియదు.

మరమగ్గాన్ని షెడ్డులో నేలకు బిగిస్తారు. మోటారుకు కరెంటు లైను లాగుతారు. వెనక పడుగు బీము, పైన జకార్డ్, దాని దారాలు, అన్నీ ఆ చోటుకు తగ్గట్టు అమర్చుతారు. ఈ అమరికకే ఇన్‌స్టాల్ చేయడం అని పేరు. ఇప్పుడు ఎవరో మగ్గాన్ని మాత్రం ఊడబెరికి పక్క షెడ్డులో పెట్టారనుకోండి. మగ్గం అక్కడుంటుంది, కానీ నేయదు. కరెంటు పాత చోటే ఉంది, పడుగు పాత చోటే ఉంది. అదే మగ్గం మీద నేసిన తానును మాత్రం భుజాన వేసుకుని రింగ్ రోడ్డు బజారుకైనా, వరంగల్‌కైనా తీసుకుపోవచ్చు. తాను ఎక్కడున్నా తానే.

ప్రోగ్రామ్ మగ్గం. మనం చేసిన ఫైలు తాను.

విండోస్‌లో ఒక ప్రోగ్రామ్ ఎక్కించినప్పుడు దాని పెద్ద భాగం సీ డ్రైవ్‌లోని ప్రోగ్రామ్ ఫైల్స్ అనే ఫోల్డర్‌లో చేరుతుంది. విండోస్ 95 కాలం నుంచి ఇదే పద్ధతి. 64 బిట్ విండోస్‌లో పాత తరం 32 బిట్ ప్రోగ్రామ్‌లకు ఎక్స్86 అని తోకపేరుతో ఇంకో ఫోల్డర్ ఉంటుంది. కానీ ప్రోగ్రామ్ అక్కడితో ఆగదు. కొన్ని ముక్కలు ప్రోగ్రామ్‌డేటా అనే దాచిన ఫోల్డర్‌లో, మన అమరికలు యూజర్స్ ఫోల్డర్‌లోని యాప్‌డేటాలో, "నేను ఫలానా చోట ఉన్నాను" అన్న వివరం రిజిస్ట్రీ అనే విండోస్ చిట్టాలో చేరతాయి. మనం ప్రోగ్రామ్ ఫైల్స్ నుంచి ఒక ఫోల్డర్ కత్తిరించి డీలో అతికించినా, చిట్టాలో పాత చిరునామాయే ఉంటుంది. విండోస్ పాత ఇంటికి వెళ్లి తలుపు తడుతుంది.

అందుకే ఎక్కించిన ప్రోగ్రామ్‌ను వేరే డిస్క్‌కు మార్చాలంటే సరైన దారి, దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేసి, కొత్త చిరునామాతో మళ్లీ ఎక్కించడమే. దీనికి రెండు మినహాయింపులున్నాయి. మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి వచ్చిన యాప్‌లలో చాలావాటికి సెట్టింగ్స్‌లో, యాప్స్ కింద, ఇన్‌స్టాల్డ్ యాప్స్ జాబితాలో పేరు పక్కనున్న మూడు చుక్కలు నొక్కితే మూవ్ అనే మాట కనిపిస్తుంది. డిస్క్ ఎంచుకుంటే విండోసే చిట్టా మార్చి తీసుకుపోతుంది. రెండోది పోర్టబుల్ అని పిలిచే రకం. అవి రిజిస్ట్రీ మీద ఆధారపడకుండా ఒకే ఫోల్డర్‌లో సర్దుకుని ఉంటాయి. కుట్టుమిషనులా ఎత్తి ఎక్కడ పెట్టినా కుడతాయి.

దుకాణం, గోదాము

రింగ్ రోడ్డు బట్టల మార్కెట్‌లో దుకాణం చిన్నది, అద్దె ఎక్కువ. అందుకని వ్యాపారి అక్కడ రోజూ చూపించే చీరలే పెడతాడు. మిగతా మూటలు దూరంగా గోదాములో ఉంటాయి. గోదాము చవక, విశాలం, కానీ మూట తెప్పించడానికి సమయం పడుతుంది.

ఎస్‌ఎస్‌డీ దుకాణం. హార్డ్ డిస్క్ గోదాము. హార్డ్ డిస్క్‌లో నిజంగానే పళ్లెంలాంటి బిళ్ల తిరుగుతుంటుంది, సాధారణంగా నిమిషానికి 5,400 లేదా 7,200 సార్లు. చదివే ముల్లు సరైన చోటికి చేరి, బిళ్ల తిరిగి వచ్చేదాకా ఆగాలి. ఒక్కోసారికి అది సెకనులో వందో వంతు పని. తక్కువే అనిపిస్తుంది. కానీ విండోస్ మొదలయ్యేటప్పుడు వేల చిన్న ఫైళ్లు చదవాలి, ఆ వందో వంతులన్నీ కలిసి నిమిషాలవుతాయి. ఎస్‌ఎస్‌డీలో తిరిగేదేమీ లేదు, చిప్‌లు మాత్రమే. మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ సెకనుకు 500 మెగాబైట్లకు పైగా చదువుతుంది. బోర్డు మీద నేరుగా గుచ్చే ఎన్‌వీఎమ్‌ఈ రకం దానికి ఎన్నో రెట్లు. హార్డ్ డిస్క్ నూరు, రెండొందల దగ్గర ఉంటుంది.

కాబట్టి విండోస్, రోజూ తెరిచే బ్రౌజర్, ఆఫీసు ప్రోగ్రామ్, పైథాన్ ఎస్‌ఎస్‌డీలోనే ఉండాలి. మేము చాలామందిలో చూసిన పొరపాటు అభిప్రాయం ఏమిటంటే, చోటు మిగల్చడానికి ప్రోగ్రామ్‌లన్నీ పాత హార్డ్ డిస్క్‌కు తరిమేయాలని. డబ్బు పెట్టి దుకాణం కొని, సరుకంతా గోదాములో పెట్టి అమ్మినట్టు. చోటు నిజంగా తినేవి ప్రోగ్రామ్‌లు కావు. బ్రౌజర్ అంతా కలిపి ఒక జీబీ అటూ ఇటూ. తినేవి వీడియోలు, ఫోటోలు, పెద్ద ఆటలు. ఒక్క పెద్ద ఆటే 100 జీబీ దాటవచ్చు. వాటికి గోదాము చాలు. ఆటల దుకాణాల ప్రోగ్రామ్‌లలో ఆట ఏ డిస్క్‌లో దిగాలో ముందే అడుగుతాయి, తర్వాత మార్చుకునే వీలూ ఉంటుంది. ఎస్‌ఎస్‌డీని అంచుదాకా నింపకండి. పది, పదిహేను శాతం ఖాళీ ఉంచితే అది చురుగ్గా ఉంటుంది, విండోస్ అప్‌డేట్‌లకూ చోటు దొరుకుతుంది.

ఏదైనా పెద్ద ప్రోగ్రామ్‌ను రెండో డిస్క్‌లో పెట్టాలనే అనుకుంటే, ఎక్కించేటప్పుడు కస్టమ్ లేదా అడ్వాన్స్‌డ్ అన్న మాట ఎంచుకోండి. అప్పుడే చిరునామా గడి తెరుచుకుంటుంది. బ్రౌజ్ నొక్కి, డీలో ముందే ప్రోగ్రామ్స్ అనే ఫోల్డర్ చేసి, దానిలో ఆ ప్రోగ్రామ్ పేరుతో ఇంకో ఫోల్డర్ ఇవ్వండి. డీ మొదట్లోనే వదిలేస్తే నాలుగు ప్రోగ్రామ్‌ల ఫైళ్లు కలిసిపోయి, ఏది ఎవరిదో తెలియదు. కొన్ని ప్రోగ్రామ్‌లు అసలు అడగవు, నేరుగా సీలోకి పోతాయి. వాటితో గొడవ పడనక్కర్లేదు. రిజిస్ట్రీలోకి వెళ్లి ప్రోగ్రామ్ ఫైల్స్ చిరునామానే డీకి మార్చేయమని చెప్పే చిట్కా ఒకటి చాలాకాలంగా తిరుగుతోంది. మైక్రోసాఫ్ట్ దాన్ని సమర్థించదు. అలా మార్చితే కొన్ని ప్రోగ్రామ్‌లు, అప్‌డేట్‌లు తప్పు చోట వెతుక్కుని మొరాయిస్తాయి.

స్టోర్ యాప్‌లు ఇకముందు ఎక్కడ దిగాలో మాత్రం ఒకేసారి చెప్పేయవచ్చు. విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, స్టోరేజ్, అడ్వాన్స్‌డ్ స్టోరేజ్ సెట్టింగ్స్, అక్కడ వేర్ న్యూ కంటెంట్ ఈజ్ సేవ్డ్ అన్న వరస.

ప్రోగ్రామ్‌ను బయట తగిలించే యూఎస్‌బీ డిస్క్‌లో ఎక్కించకపోవడం మంచిది. ఈ రోజు దానికి ఈ అన్న అక్షరం వస్తుంది. రేపు ముందుగా పెన్‌డ్రైవ్ పెడితే ఈ దానికి పోయి, డిస్క్‌కు ఎఫ్ వస్తుంది. ప్రోగ్రామ్ ఈ తలుపు తట్టి, లోపల ఎవరో ఉన్నారని వెనక్కి వస్తుంది.

మన పాఠాల ఫైళ్లు ఎక్కడున్నాయి?

ఇప్పటిదాకా చెప్పిందంతా వేగం సంగతి, చోటు సంగతి. తప్పు చేసినా పెద్దగా పోయేదేమీ లేదు, ప్రోగ్రామ్‌ను మళ్లీ దించుకోవచ్చు. ఇక నుంచి చెప్పేది మళ్లీ దించుకోలేని వాటి గురించి.

పదకొండు, పన్నెండు తరగతుల కంప్యూటర్ సైన్స్‌లో మనకు పైథాన్, మైఎస్‌క్యూఎల్ రెండూ ఉన్నాయి. పైథాన్‌ను మామూలుగా ఇన్‌స్టాల్ నౌ నొక్కి ఎక్కిస్తే అది ప్రోగ్రామ్ ఫైల్స్‌లోకి పోదు. యూజర్స్‌లో మన పేరున్న ఫోల్డర్, దానిలో దాచిన యాప్‌డేటా, దానిలో లోకల్, దానిలో ప్రోగ్రామ్స్, దానిలో పైథాన్. ఐదు గుమ్మాలు దాటి లోపల. వేరే చోట కావాలంటే కస్టమైజ్ ఇన్‌స్టాలేషన్ ఎంచుకోవాలి. కింద యాడ్ పైథాన్ టు పాత్ అన్న గడిలో టిక్కు పెట్టడం మరవకూడదు. పాత్ అంటే విండోస్ దగ్గరున్న చిరునామాల జాబితా. ఆ జాబితాలో లేకపోతే కమాండ్ ప్రాంప్ట్‌లో పైథాన్ అని కొట్టినా అలాంటిదేమీ లేదనో, స్టోర్‌కు వెళ్లమనో అంటుంది.

అసలు ప్రమాదం దాని తర్వాత వస్తుంది. ఐడిల్ తెరిచి మొదటి ప్రోగ్రామ్ రాసి సేవ్ నొక్కితే, ఐడిల్ మామూలుగా చూపించే ఫోల్డర్ ఏది? ఆ ఐదు గుమ్మాల లోపలి పైథాన్ ఫోల్డరే. మనం చూడకుండా ఎంటర్ కొడతాం. ఏడాది పొడవునా రాసిన ప్రోగ్రామ్‌లన్నీ మగ్గం లోపలే పోగవుతాయి. సీ ఫార్మాట్ చేసినరోజు మగ్గంతో పాటు తానులూ పోతాయి. ఇంకో తమాషా: అక్కడ మనం ర్యాండమ్ అన్న పేరుతో ఒక ప్రోగ్రామ్ సేవ్ చేస్తే, తర్వాత ర్యాండమ్ మాడ్యూల్‌ను ఇంపోర్ట్ చేసినప్పుడు పైథాన్ అసలుదాన్ని వదిలి మనదాన్నే తెచ్చుకుని దోషాలు చూపిస్తుంది. మాతో చదివేవాళ్లు ఇద్దరు ముగ్గురు దీనితో ఒక మధ్యాహ్నమంతా తలపట్టుకున్నారు.

మైఎస్‌క్యూఎల్ ఇంకా లోతుగా దాస్తుంది. ప్రోగ్రామ్ ఉండేది ప్రోగ్రామ్ ఫైల్స్‌లో. మనం సృష్టించిన డేటాబేస్, అంటే లైబ్రరీ ప్రాజెక్టులో ఓపికగా నింపిన పట్టికలు, మామూలుగా ఉండేది ప్రోగ్రామ్‌డేటాలోని మైఎస్‌క్యూఎల్ ఫోల్డర్‌లో. అది దాచిన ఫోల్డర్ కాబట్టి కంటికి కనిపించదు. "నా ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లో తీసుకున్నా" అనుకుని ఫార్మాట్‌కు ఇస్తే పైథాన్ కోడ్ ఉంటుంది, పట్టికలు ఉండవు. బోర్డు ప్రాక్టికల్ ముందు వారంలో ఇది జరిగితే ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. ఆ ఫోల్డర్‌ను నేరుగా కాపీ చేసుకోవడం కూడా నమ్మదగిన పద్ధతి కాదు, సర్వర్ నడుస్తుండగా ఫైళ్లు సగంలో ఉంటాయి. దీనికోసమే మైఎస్‌క్యూఎల్‌డంప్ అనే ఆజ్ఞ ఉంది. అది డేటాబేస్ మొత్తాన్ని ఎస్‌క్యూఎల్ వాక్యాలుగా ఒకే ఫైలులో రాసి ఇస్తుంది. ఆ ఫైలు ఉంటే ఏ ఊళ్లోనైనా, ఏ కంప్యూటర్‌లోనైనా పట్టికలు మళ్లీ లేపవచ్చు. వారానికోసారి ఈ పని చేయండి.

డెస్క్‌టాప్ గురించి ఒక మాట. తెర మీద కళ్లెదురుగా ఉంది కాబట్టి అది ఎక్కడో సురక్షితంగా ఉందనిపిస్తుంది. డెస్క్‌టాప్ అంటే యూజర్స్‌లోని ఒక ఫోల్డర్, యూజర్స్ సీలో ఉంది. డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్ కూడా అంతే. వీటిని రెండో డిస్క్‌కు మార్చుకోవడం తేలిక. డాక్యుమెంట్స్ మీద కుడి నొక్కు, ప్రాపర్టీస్, లొకేషన్, మూవ్. అయితే డీలో ముందే ఒక ఫోల్డర్ చేసి దాన్నే చూపించండి. డీ డ్రైవ్ మొత్తాన్ని చూపిస్తే డీ అంతా డాక్యుమెంట్స్ అయిపోయి, వెనక్కి మార్చడం పెద్ద తలనొప్పి. వన్‌డ్రైవ్ వాడుతున్న ఇళ్లలో ఈ ఫోల్డర్లు దాని అధీనంలో ఉండవచ్చు. అప్పుడు ముందు దాని సెట్టింగ్స్ చూడాలి. వన్‌డ్రైవ్ ఉచితంగా ఇచ్చేది 5 జీబీయే, ఫోటోలతో అది ఇట్టే నిండుతుంది.

లినక్స్‌లో ఈ అక్షరాల గొడవే లేదు. మన సీ-డాక్ సంస్థ తయారుచేసిన బాస్ లినక్స్ అయినా, ఉబుంటు అయినా, అన్నీ ఒకే చెట్టు కొమ్మలు. రెండో డిస్క్ కూడా ఆ చెట్టుకే ఒక కొమ్మగా అతుకుతుంది. ప్రోగ్రామ్‌లు ఎక్కువగా యూఎస్ఆర్ కొమ్మ కింద, మన ఫైళ్లు హోమ్ కొమ్మ కింద. ఎక్కించేటప్పుడే హోమ్‌ను రెండో డిస్క్‌లో పెట్టమని చెబితే, తర్వాత లినక్స్ మొత్తం మార్చినా మన ఇల్లు కదలదు. మగ్గం, తాను వేరుగా ఉండాలన్న ఆలోచన అందులో మొదటి నుంచీ ఉంది.

బదిలీ ఆర్డరు వచ్చినప్పుడు

2006 ఆగస్టులో ఉకాయ్ డ్యామ్ నుంచి వదిలిన నీటితో తాపీ పొంగి సూరత్ నగరం చాలా భాగం మునిగింది. మనలో ఎవరమూ అప్పటికి పుట్టలేదు. పాత ఉద్యోగులను అడిగితే నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు. అలాంటి రోజున కేబినెట్‌లో డిస్క్ 0, డిస్క్ 1 అని రెండున్నా ఏం లాభం? రెండూ ఒకే పెట్టెలో మునుగుతాయి. రెండో డిస్క్‌లో ఉన్న కాపీ డిస్క్ చెడిపోవడం నుంచి కాపాడుతుంది. వరద నుంచి, దొంగ నుంచి, లారీలో కుదుపు నుంచి కాపాడదు.

అందుకని లెక్క ఇలా పెట్టుకుంటారు: ముఖ్యమైన ఫైలుకు మూడు కాపీలు, రెండు వేర్వేరు పరికరాల్లో, ఒకటి వేరే చోట. ఆ వేరే చోటు గురించి మనకు ఎవరికీ లేని సౌకర్యం ఒకటుంది. మనం మూడేళ్లకోసారి మారతాం గానీ తాతగారిల్లు మారదు. సెలవుల్లో నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో వరంగల్, విజయవాడ వైపు వెళ్లినప్పుడు ఫోటోలున్న ఒక యూఎస్‌బీ డిస్క్ అమ్మమ్మ బీరువాలో పెట్టి రండి. వచ్చే ఏడాది కొత్తది ఇచ్చి పాతది తెచ్చుకోండి. ఊరికే పడి ఉందనుకోకుండా, వెళ్లిన ప్రతిసారీ ఒకసారి తగిలించి ఫైళ్లు తెరుచుకుంటున్నాయో లేదో చూడండి.

సామాను కట్టే వారంలో ముందు డంప్ ఫైలు, తర్వాత డెస్క్‌టాప్, తర్వాత ఐడిల్ దాచిన ఫోల్డర్ కాపీ చేసుకోండి. ఎక్కించిన ప్రోగ్రామ్‌ల పేర్లు ఒక కాగితం మీద రాసుకుంటే చాలు, వాటిని మోసుకుపోనక్కర్లేదు. కొత్త ల్యాప్‌టాప్ అయితే ఇంకో పని ఉంది. విండోస్ 11 చాలా యంత్రాల్లో డిస్క్‌కు తాళం వేస్తుంది. దాన్ని డివైస్ ఎన్‌క్రిప్షన్ లేదా బిట్‌లాకర్ అంటారు. బోర్డు మార్చినా, డిస్క్ తీసి వేరే కంప్యూటర్‌లో పెట్టినా 48 అంకెల తాళంచెవి అడుగుతుంది. అది నాన్న మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉందేమో ముందే చూసి, రాసుకుని, కంప్యూటర్ పెట్టెలో కాకుండా వేరే చోట పెట్టండి. కాపీ ఉన్న డిస్క్‌ను ప్యాకర్ల లారీలో వేయకండి. హార్డ్ డిస్క్‌లో తిరిగే బిళ్ల ఉంటుంది, కిందపడితే దానికి గాయమవుతుంది. మెత్తటి టవల్‌లో చుట్టి, మనతో వచ్చే సంచిలో ఉండాలి.

కొత్త క్వార్టర్స్‌లో కంప్యూటర్ తగిలించినప్పుడు డీ డ్రైవ్ కనిపించకపోతే, దారిలో కుదుపుకు కేబుల్ వదులైందేమో ముందు చూడండి. కరెంటు తీసేసి, పెద్దవాళ్లను పక్కన పెట్టుకుని. అక్షరం మారి ఉంటే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో పాత అక్షరం మళ్లీ ఇవ్వవచ్చు, అప్పుడు డీలో ఎక్కించిన ప్రోగ్రామ్‌లు తమ ఇల్లు గుర్తుపడతాయి. తెర మీద "ఈ డిస్క్ వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి" అనో, "ఇనీషియలైజ్ చేయాలి" అనో అడిగితే మాత్రం క్యాన్సిల్ నొక్కండి. ఆ ప్రశ్న వచ్చిందంటే విండోస్‌కు డిస్క్ చదవడం రాలేదని మాత్రమే అర్థం, లోపల ఏమీ లేదని కాదు. ఒప్పుకుని నొక్కేవరకు ఫైళ్లు చాలావరకు అక్కడే ఉంటాయి. డిస్క్ తీసి పక్కన పెట్టి, ఇంకో కంప్యూటర్‌లో తగిలించి చూడండి.